వర్షర్తువు – జఠరాగ్ని

రోహిణి కార్తె ఎండలకు బీటలు వారిన నేల మృగశిర తొలకరికి తడిసినంతనే మన ఊరూరను ఒక కొత్త సందడి పుట్టును. తెలంగాణమున మృగశిర ప్రవేశించిన నాడు చేపలు వండుకొనుట ఆచారము. చేపలు ముట్టనివారు బెల్లములో ఇంగువ పెట్టి, ఉండ చేసి మింగుదురు. ఆషాఢమున మునగాకు తినవలెనని పెద్దలు పట్టుపట్టుదురు. తొలి ఏకాదశి నాడు పేలాలు దంచి, బెల్లము కలిపి పేలపిండి చేయుదురు. వేరువేరు తావులలో, వేరువేరు ఇండ్లలో నడచుచున్న ఈ వాడుకలన్నియు ఇంచుమించు ఒకే అదనున వచ్చుట గమనింపదగినది. ఇవి అన్నియు చూచుచున్నది ఒక్క దిక్కే. అది కడుపు.

ఈ వ్యాసమునకు ప్రేరణ ఒక ఉత్తరము. గడచిన వానకాలమున ఒక పల్లె నుండి ఒక తల్లి మా కేంద్రమునకు వ్రాసిరి. ఏడాదిన్నర బిడ్డకు విరేచనములు పట్టుకొన్నవట. "నీళ్లు పోస్తే ఇంకా పారుతుంది, కడుపు ఎండగట్టాలి అని మా అత్తగారు అంటారు. తాగినంత తాగించమని ఆశా అమ్మాయి చెప్పి పోయింది. ఇద్దరూ బిడ్డ మంచి కోరేవాళ్లే. నేను ఎవరి మాట వినాలి?" అని ఆమె అడిగిరి. ఉత్తరముల కార్యక్రమమున రెండు నిమిషములలో జవాబు చెప్పితిమి. కాని ఆ రెండు నిమిషములు చాలలేదను వెలితి మాకు నాటి నుండియు ఉన్నది. ఆ అత్తగారి మాట వట్టి మౌఢ్యము కాదు. దాని వెనుక ఒక పెద్ద సంప్రదాయము గలదు. ఆ సంప్రదాయమున ఎంత సత్యము ఉన్నది, అది ఎక్కడ దారి తప్పినది అను సంగతి విప్పి చెప్పినగాని ఆ తల్లికి సరియైన జవాబు చెప్పినట్లు కాదు.

మన ప్రాచీన వైద్యులు సంవత్సరమును ఆరు ఋతువులుగా విభజించి, ఒక్కొక్క ఋతువున మనుష్యుడు ఎట్లు తినవలెను, ఎట్లు మెలగవలెను అను విషయమును ఋతుచర్య అను పేరున బోధించిరి. చరకసంహిత సూత్రస్థానమున ఆరవ అధ్యాయమును, వాగ్భటుని అష్టాంగహృదయ సూత్రస్థానమున మూడవ అధ్యాయమును దీనికే కేటాయింపబడినవి. వారి లెక్కలో ఆరోగ్యమునకు మూలము జఠరాగ్ని. తిన్నది అరగించు శక్తికి వారు పెట్టిన పేరు అది. ఈ అగ్ని హేమంతమున బలముగా మండును. గ్రీష్మమున దేహముతో పాటు తానును సన్నగిల్లును. వర్షర్తువున మరింత మందగించును. కావున చలికాలమున బరువైన తిండి తినవచ్చును, వానకాలమున తేలికగా, వెచ్చగా, మితముగా తినవలెను అని వారి సిద్ధాంతము. వర్షర్తువున పాత బియ్యము, పాత గోధుమలు వాడుమనిరి, పగటి నిద్ర మానుమనిరి, నదినీరు త్రాగవద్దనిరి, కాచి చల్లార్చిన నీరు త్రాగుమనిరి.

ఈ సిద్ధాంతమును గ్రంథములలో చదువని వారును మన ఇండ్లలో పాటించుచునే వచ్చిరి. సంక్రాంతికి నువ్వులు, నేయి, అరిసెలు. అది చలికాలము, అగ్ని ప్రబలముగా ఉండు కాలము. ఉగాదికి కొత్త చింతపండు, వేపపువ్వు, మామిడిపిందెలతో షడ్రుచుల పచ్చడి. శ్రీరామనవమికి మిరియాలు, ఏలకులు వేసిన బెల్లపు పానకము, నానిన వడపప్పు. ఎండలు ముదురు వేళకు అవి చల్లని వస్తువులు. ఆషాఢమున పేలపిండి, తేమ నిండిన రోజులలో పొడిగా, తేలికగా ఉండు ఆహారము. కార్తికమున ఉసిరిచెట్టు క్రింద వనభోజనము. పండుగల పంచాంగము ప్రక్కనే వంటింటి పంచాంగము కూడ నడచుచున్నదన్న మాట.

ఇక నేటి శాస్త్రము ఈ విషయమును ఎట్లు చూచుచున్నది? దానికి మొదట కడుపులో జరుగు పని కొంత తెలియవలెను. నోట నమిలిన అన్నము జీర్ణకోశమునకు చేరగనే గాఢమైన ఆమ్లముతో కలియును. ఆ ఆమ్లము మాంసకృత్తులను విడగొట్టుటయే కాక, అన్నముతో వచ్చిన సూక్ష్మజీవులలో పెక్కింటిని చంపును. అగ్ని అను పేరు ఈ పనికి ఎంత చక్కగా అమరినదో చూడుడు! అచట నుండి ఆహారము సుమారు 6 మీటర్ల పొడవు గల చిన్న ప్రేగున ప్రవేశించును. మనము దినమునకు త్రాగునది సుమారు 2 లీటర్లు. కాని లాలాజలము, జఠరరసము, పైత్యరసము మొదలగు రూపములలో దేహమే మరి 7 లీటర్ల వరకు ద్రవమును ప్రేగులలోనికి వదలును. ఈ 9 లీటర్లలో ఆరోగ్యవంతునకు మలముతో పోవునది 100 నుండి 200 మిల్లీలీటర్లు మాత్రమే. తక్కినదంతయు ప్రేగులు తిరిగి పీల్చి రక్తమునకు అప్పగించును. ఈ లెక్క పాఠకులు జ్ఞాపకము ఉంచుకొనవలెనని కోరుచున్నాము. ముందు దీనితో పని ఉన్నది.

వానకాలమున కడుపు చెడుటకు నేటి వైద్యులు చెప్పు ముఖ్య కారణము నీరు. తొలకరి వరద ఊరి మాలిన్యమునంతటిని ఈడ్చుకొని బావులలో, చెరువులలో కలుపును. పట్టణములలో మురుగు కాలువల ప్రక్కన పోవు మంచినీటి గొట్టములకు చిల్లులు పడిన, మురుగు లోనికి చొరబడును. ఈగలు ప్రబలును. తేమవలన వండిన వంట త్వరగా పాడగును, పప్పులకు, పిండ్లకు బూజు పట్టును. కలరా, సన్నిపాత జ్వరమని మనవారు పిలుచు టైఫాయిడ్, రక్తవిరేచనములు, కొన్ని రకముల కామెర్లు, ఇవి అన్నియు నోటి ద్వారమున వచ్చు వ్యాధులే. కలరా క్రిమి ప్రేగులో ఏమి చేయునో కనుగొన్నవారు మన దేశీయులే. కలకత్తాలో శంభునాథ్ డే అను శాస్త్రజ్ఞుడు 1959లో, ఆ క్రిమి ఒక విషమును విడుచుననియు, ఆ విషమువలననే ప్రేగులు నీటిని కుమ్మరించుననియు ఋజువు చేసెను.

ప్రాచీనులు అగ్ని మందగించినదనిరి. నవీనులు క్రిమి ప్రవేశించినదనుచున్నారు. కారణము చెప్పుటలో ఇరువురికిని భేదమున్నది, దానిని దాచనక్కరలేదు. కాని చేయవలసిన పని దగ్గరకు వచ్చుసరికి ఇరువురును ఒక చోట కలియుచున్నారు. నీరు కాచి త్రాగుము, వేడిగా తినుము, మితముగా తినుము, నిలువ ఉన్నది తినకుము. క్రిమిని కంట చూడని వారు, అనుభవమువలననే ఈ నియమములకు చేరుకొనుట మెచ్చదగిన సంగతి.

నీటి మాట మొదట. నీరు తెర్లి, బుడగలు బాగుగా ఎగయుచుండగా ఒక నిమిషము కాగిన చాలును. వ్యాధి కలిగించు క్రిములు నశించును. తరువాత మూత పెట్టి, ఆ పాత్రలోనే చల్లార్చవలెను. వేరు కుండలో పోసి, అందులో చేయి ముంచి చెంబుతో తీసినచో కాచిన శ్రమ వ్యర్థము. పొడవాటి కాడ గల గరిటెతో తీయుట మేలు. రాగిపాత్రలోని నీరు మంచిదని మన పెద్దలు చెప్పుదురు. రాగికి క్రిములను చంపు గుణము ఉన్న మాట నిజమే. రాత్రియంతయు నిలిపిన నీటిలో కొన్ని జాతుల క్రిములు నశించును. అయినను మురికి నీటిని రాగిబిందెలో పోసినంత మాత్రమున అది శుద్ధి కాదు. కాచుటకు అది బదులు కాదు, తోడు మాత్రమే. మరియు రాగి, ఇత్తడి పాత్రలలో పులుసు, మజ్జిగ వంటి పుల్లని వస్తువులు ఉంచరాదు. పులుపు లోహమును కరగించును. పూర్వము ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించుకొనుట ఇందులకే.

ఇక పోపులపెట్టె. ఇది మన ఇండ్లలో సగము వంటకు, సగము వైద్యమునకు. వాములో థైమాల్ అను పదార్థము గలదు. క్రిములను అణచు గుణముచే దానిని నోరు పుక్కిలించు మందులలో నేటికిని వాడుచున్నారు. కడుపు ఉబ్బరించినప్పుడు వేడి అన్నములో కాస్త వాముపొడి, ఉప్పు, నేయి కలిపి మొదటి ముద్ద తినుట మన వాడుక. అల్లము ఎండి శొంఠి అగునప్పుడు దానిలోని ఘాటు పదార్థములు మరి కొన్నిగా మారును; శొంఠి మంట వేరు, అల్లము మంట వేరు అగుట ఇందువలననే. అల్లము వికారమును తగ్గించునని పరీక్షలలో తేలినది. మిరియాలకు కారము ఇచ్చునది పైపరిన్. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు మూడును కలిసి ఆయుర్వేదమున త్రికటుకము అనిపించుకొన్నవి. ఇంగువ మాత్రము మన నేల పంట కాదు; ఆఫ్ఘనిస్థానము, ఇరాను మొదలగు దేశముల చెట్ల వేరునుండి కారు పాలు ఎండి అగు జిగురు అది. శతాబ్దములుగా దిగుమతి చేసికొనుచు వచ్చిన మన దేశము 2020లో హిమాచల ప్రదేశపు లాహౌల్ లోయలో దాని సాగుకు తొలి మొక్కలు నాటినది. వానపడు సాయంకాలమున మిరియాల చారు త్రాగిన ఒడలు వెచ్చబడి ఆకలి పుట్టుట మన అందరి అనుభవమే. అయితే ఇవి అజీర్ణమునకు ఉపశమనములు. క్రిమి వలన వచ్చిన విరేచనములకు మందులు కావు. ఆరు నెలలు నిండని శిశువునకు వామునీరు గాని, మరి ఏ కషాయము గాని పోయరాదు. తల్లిపాలు తప్ప ఆ బిడ్డకు మంచినీరు కూడ అక్కరలేదు. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించుట కూడ మానవలెను. తేనెలో ఉండు ఒక జాతి క్రిమి బీజములు పసిప్రేగులలో మొలకెత్తి విషము పుట్టించు ప్రమాదము గలదు.

మజ్జిగను గూర్చి ఎంత చెప్పినను తక్కువయే. పాలలో ఉండు లాక్టోజ్ అను చక్కెరను అరిగించుకొను శక్తి పెద్దవారిలో అనేకులకు తగ్గిపోవును. పాలు త్రాగిన కడుపు ఉబ్బరించును. తోడుపెట్టిన పాలలో సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత భాగమును ఆమ్లముగా మార్చివేయును. అందుచే పాలు పడని వారికి సహితము మజ్జిగ పడును. కాని పెరుగు ఎంత మంచిదైనను దానిలో కలుపు నీరు మంచిది కాకున్న ప్రయోజనము లేదు. వానకాలమున మజ్జిగకు కాచి చల్లార్చిన నీటినే వాడవలెను.

చద్దన్నము మాట కొంత జాగ్రత్తగా చెప్పవలసి ఉన్నది. రాత్రి మిగిలిన అన్నమున నీరు గాని, మజ్జిగ గాని పోసి ఉంచిన, తెల్లవారుసరికి అది సన్నగా పులియును. ఆ పులుపు అన్నమును కాపాడును. ఎండకాలమున పొలము పనికి పోవు వానికి అది చలువ, బలము. కాని నీరు పోయక, వెచ్చని గదిలో, మూసిపెట్టి ఉంచిన పొడి అన్నము వేరు. బియ్యములో బాసిల్లస్ సీరియస్ అను క్రిమి బీజములు ఉండును. అవి ఉడికినను చావవు. అన్నము గంటల తరబడి వెచ్చగా నిలిచిన మొలకెత్తి విషము చేయును. ఆ విషము తిరిగి వేడిచేసినను పోదు. కావున వానకాలమున చద్ది తినదలచిన వారు అన్నము చల్లారిన వెంటనే మజ్జిగ పోసి, ఉదయముననే తినవలెను. వాసన మారిన, జిగురు సాగిన, పారవేయవలెను. పారవేయుటకు మనసు ఒప్పదని మాకు తెలియును; కాని ముద్ద అన్నము కంటె మనిషి విలువ ఎక్కువ.

ఇప్పుడు ఆ అత్తగారి మాటకు వత్తుము. "లంఖణం పరమౌషధం" అను సామెత ఆమె నోట ఉండియే ఉండును. పెద్దవారికి అజీర్తి చేసినప్పుడు, ఒక పూట భోజనము మాని, వేడినీరో పలుచని చారో త్రాగి ఊరకుండుట మంచిదే. బరువెక్కిన బండికి విశ్రాంతి వంటిది అది. కాని ఆ సామెత ఉద్దేశించినది తిండి మానుటను గూర్చి, నీరు మానుటను గూర్చి కాదు. అది తిని అరగని వానికి చెప్పినది, విరేచనములతో శోషించుచున్న పసివానికి చెప్పినది కాదు. ఇక్కడనే సంప్రదాయము దారి తప్పినది.

మొదట చెప్పిన లెక్కను ఇప్పుడు తలచుకొనుడు. ప్రేగులలో దినమునకు 9 లీటర్లు ప్రవహించుచుండును. ప్రేగులు పీల్చుట మాని వదలుట మొదలుపెట్టినచో ఎంత నీరు పోవునో ఊహింపవచ్చును. బిడ్డ నోట మీరు పోసిన గుక్కెడు నీరు కాదు ఆ పారుచున్నది. దేహములోని రక్తపు నీరే పారుచున్నది. మీరు నీరు ఆపినంతనే విరేచనము ఆగదు. బిడ్డ ఎండిపోవును, అంతే. విరేచనములతో మరణించు పిల్లలలో ఎక్కువమందిని చంపునది ఈ ఎండుటయే.

మరి నీరు పోసినచో ప్రేగు పీల్చునా? ఉత్త నీరయిన చాలినంతగా పీల్చదు. ఇక్కడ ప్రకృతి ఒక చిత్రమైన ఏర్పాటు చేసినది. ప్రేగు గోడలలో చిన్న చిన్న ద్వారములు గలవు. ఉప్పులోని సోడియమును, చక్కెరలోని గ్లూకోజును ఒకదాని చేయి ఒకటి పట్టుకొని వచ్చినప్పుడు ఆ ద్వారము వానిని లోనికి తీసికొనును. అవి పోయిన వెంట నీరు పోవును. కలరా విషము ప్రేగును ఎంత చెరచినను ఈ ద్వారము మాత్రము మూతపడదు. ఉప్పు, చక్కెర సరియైన పాళ్లలో కలిపిన నీరు ప్రాణము నిలుపుటకు కారణము ఇదియే.

ఈ సత్యము ప్రపంచమునకు చాటిచెప్పిన ఘట్టము 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున జరిగెను. సరిహద్దు దాటి వచ్చిన కాందిశీకుల మధ్య కలరా చెలరేగినది. వంగదేశపు బన్‌గావ్‌లో పనిచేయుచున్న వైద్యుడు దిలీప్ మహలనబీస్ వద్ద నరములలోనికి ఎక్కించు సెలైన్ నిండుకొనుచుండెను. అప్పుడాయన ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీటిలో కలిపి, పీపాలలో నింపి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి 30 వరకు ఉండిన మరణములు ఆయన శిబిరమున నూటికి 4 లోపునకు దిగినవి. 1978లో లాన్సెట్ అను సుప్రసిద్ధ వైద్యపత్రిక, ఇది ఆ శతాబ్దపు అత్యంత ముఖ్యమైన వైద్య ప్రగతి కాగలదని ప్రశంసించినది. 2022లో మరణించిన ఆ వైద్యునికి మరుసటి సంవత్సరము పద్మవిభూషణ్ బిరుదము ఇచ్చి దేశము గౌరవించినది.

ఆ సూత్రమును మన వంటింటికి తెచ్చి చూతము. పానకమున తీపి ఉన్నది, ఉప్పు లేదు. ఉప్పు మజ్జిగలో ఉప్పు ఉన్నది, తీపి స్వల్పము. కాని ఉప్పు వేసిన గంజిలో రెండును గలవు. బియ్యపు పిండిపదార్థము ప్రేగులలో గ్లూకోజుగా విడిపోవును. ఉప్పు దానికి తోడగును. జ్వరపడి లేచిన వానికి, కడుపు చెడిన వానికి గంజిలో ఉప్పు వేసి త్రాగించిన మన అమ్మమ్మలకు సోడియము మాట తెలియదు. అయినను వారి చేయి సరియైన చోటికే పోయినది. అన్నము వార్చి గంజి పారబోయుట మాత్రము మన దోషము. దానితో బి జాతి విటమినులు చాలవరకు పోవును.

ఆసుపత్రులలో, అంగన్‌వాడీలలో దొరకు ఓ.ఆర్.ఎస్. పొట్లము అన్నిటికంటె మేలు. ఒక లీటరు పొట్లమైన సరిగా ఒక లీటరు నీటిలోనే కలుపవలెను. సగము పొట్లము సగము గ్లాసులో అను అందాజు పనికిరాదు. కలిపినది 24 గంటలలో వాడి, మిగిలినది పారబోయవలెను. పొట్లము దొరకని వేళ, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు కలుపవలెను. చెంచా తలకట్టుగా కాక, సమముగా కొలువవలెను. ఉప్పు ఎక్కువైన బిడ్డకు కీడు. కలిపిన నీరు కన్నీటి కంటె ఉప్పగా ఉండరాదు. గంజికిని, మజ్జిగకును లీటరుకు ఉప్పు ఇదే కొలత. రెండేండ్ల లోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారి 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్ద పిల్లలకు 100 నుండి 200 మిల్లీలీటర్లు చెంచాతో గాని, గ్లాసుతో గాని కొంచెము కొంచెముగా పట్టవలెను. కక్కిన పది నిమిషములు ఆగి, మరల మెల్లగా పట్టవలెను. తల్లిపాలు మాన్పరాదు. మెత్తని అన్నము, పెసరకట్టు, అరటిపండు పెట్టవచ్చును. వైద్యుడు చెప్పిన మోతాదున జింకు మాత్రలు 14 దినములు ఇచ్చిన విరేచనములు త్వరగా తగ్గును.

కొన్ని గుర్తులు కనిపించినచో ఇంటి వైద్యము అంతటితో ఆపి, ఆసుపత్రికి పోవలసినదే. మలములో రక్తము, బిడ్డ త్రాగలేకుండుట, త్రాగినదెల్ల కక్కుట, కన్నులు గుంటలు పడుట, పొట్టపై చర్మము చిటికెతో పట్టి విడిచిన మెల్లగా సర్దుకొనుట, మూత్రము తగ్గుట, మత్తుగా పడియుండుట, తీవ్ర జ్వరము. ఇందులో ఏ ఒక్కటి ఉన్నను తెల్లవారనిమ్మని ఆగరాదు. దారిలో కూడ ఆ నీరు పట్టుచునే పోవలెను.

పెద్దవారి మాట కొంత. మలబద్ధమునకు కరక్కాయ, త్రిఫలము మన సంప్రదాయమున ప్రసిద్ధములు. మితముగా వాడిన మేలే. కాని కూరలు, పండ్లు, పొట్టు తీయని ధాన్యము, చాలినంత నీరు, నడక లేక కేవలము మందుపై ఆధారపడుట మంచి అలవాటు కాదు. పూర్వము నెలకొకసారి పిల్లలకు ఆముదము పట్టుట ఒక తంతుగా ఉండెడిది. ఆరోగ్యముగా ఉన్న బిడ్డ ప్రేగులను నెలనెల కడుగవలసిన పని లేదు. మరియు తీవ్రమైన కడుపునొప్పిలో ఆముదము ముమ్మాటికిని ఇవ్వరాదు. ఆ నొప్పి ఉండుకము వాపు వలననైన, విరేచనకారి ప్రాణాంతకము కావచ్చును. నడివయసు దాటిన వారికి కారణము తోచక బరువు తగ్గినను, మలము నల్లబడినను, మలవిసర్జన అలవాటు కొత్తగా మారి వారముల తరబడి అట్లే ఉన్నను, చూర్ణములతో కాలము గడుపక పరీక్ష చేయించుకొనవలెను.

సంప్రదాయమును, శాస్త్రమును ఎట్లు కలుపుకొనవలెనో తెలుపుటకు ఒక తెలుగువాని కథ చాలును. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు గారి ఇంట ఒక ప్రేగుల వ్యాధి అడుగుపెట్టినది. మన వైద్యులు గ్రహణి అను పేరున చెప్పిన రోగములకు దగ్గరి చుట్టమైన స్ప్రూ అది. తిన్నది ఒంటబట్టక మనిషి క్షీణించిపోవును. ఆయన సోదరులు ఇద్దరు దానికి బలియైరి. ఆయనకును ఆ వ్యాధియే సోకినది. పాశ్చాత్య వైద్యము చదివియు ఆయుర్వేదమునకు అంకితులైన ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సవలన ఆయన బ్రతికి బయటపడిరి. తరువాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే ఉపాధ్యాయులుగా పనిచేసిరి. అంతటితో తృప్తిపడియున్న, కృతజ్ఞుడైన ఒక రోగి కథగా అది ముగిసియుండెడిది. కాని ఏది తనను బ్రతికించినది, తన సోదరులను ఏది చంపినది అను ప్రశ్న అట్టి మనస్సును విడిచిపెట్టునది కాదు. అమెరికాకు పోయి, లెడర్లీ ప్రయోగశాలలలో ఆయన నడపిన పరిశోధక బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. స్ప్రూ రోగులకు అది సంజీవని అయినది. ఆకు అను అర్థము గల లాటిను మాట నుండి ఆ ఆమ్లమునకు పేరు వచ్చినది. ఆకుకూరలలో అది సమృద్ధిగా ఉండును. ఆషాఢపు మునగాకు తినుమనిన అవ్వ మాటయు, అమెరికాలోని ప్రయోగశాలయు ఒక ఆకు దగ్గర కలిసికొన్నవి. సుబ్బారావు గారు 1948లో మరణించిరి.

సంప్రదాయమును ఆయన తృణీకరింపలేదు. దాని ఎదుట చేతులు కట్టుకొని నిలువను లేదు. ప్రశ్న అడిగిరి. మనకును అదియే మార్గము.

కావున ఆ పల్లెలోని తల్లికి, ఆమె వంటి తల్లులందరికి మా జవాబు ఇది. అమ్మా, నీరు ఆపుట విషయమున ఆశా కార్యకర్త మాటయే వినుడు. అందు రెండవ ఆలోచన అక్కరలేదు. కాని మీ అత్తగారిని ప్రక్కకు నెట్టకుడు. ఆమె చేత ఉప్పు వేసిన గంజి కాయించుడు. ఎసరు ఎంత పెట్టవలెనో, ఎంత పలుచగా కాయవలెనో ఆమెకు తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు. ఉప్పు మాత్రము చెంచాతో కొలిచి మీరు వేయుడు. ఇద్దరును బిడ్డ ప్రక్కన కూర్చుండి, చెంచా చెంచాగా పట్టుడు.

ఈ వానకాలము మీ ఇంట నీరు కాగుచుండు గాక, పొయ్యి వెచ్చగా ఉండు గాక, పిల్లల కడుపులు చల్లగా ఉండు గాక.